అరవై తెల్ల డాలియాలు

ముక్తసరి అనేది ఆయనకి పెట్టిన పేరు కాదు, పడిన పేరు. ఏం అడిగినా రెండు మాటల్లో తేల్చేస్తాడు. "వాన పడుతుందంటారా?" అంటే "పడొచ్చు." "ఒంట్లో ఎలా ఉంది?" అంటే "ఉంది." పక్క వాటాలో ఉండే తమ్ముడు, అన్నయ్య నోటికి తాళం వేసి తాళంచెవి ఎక్కడో పారేసుకున్నాడనేవాడు. తమ్ముడి భార్య అది కూడా ఒప్పుకునేది కాదు. "పారేసుకోలేదు, బావగారి జేబులోనే ఉంది. తియ్యడానికి బద్ధకం" అనేది.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి "కుదర్లేదు" అని చెప్పాడు. అడిగేవాళ్ళు కూడా ఇరవై ఏళ్ళ కిందటే విసిగి మానేశారు.

ఇంటి వెనక ముప్పావు ఎకరం పూలతోట. ఎండాకాలంలో జీనియాలు, కాస్మాస్, వానలు తగ్గాక డాలియాలు, ఆస్టర్లు, చలి మొదలయ్యాక చామంతులు. వారానికి మూడు పొద్దులు పట్నం నుంచి పూలావిడ చిన్న వ్యానులో వచ్చి బకెట్లు తీసుకుపోతుంది. పట్నంలో ఆవిడకి చిన్న దుకాణం. ఏ కాలంలో ఏ పువ్వు పూస్తే దానితోనే గుత్తులు కడుతుంది. ఎక్కడి నుంచో చలిపెట్టెల్లో వచ్చే పూలు ముట్టుకోదు. ఆసుపత్రి గుమ్మంలో, గ్రంథాలయం బల్ల మీద, ఒకటి రెండు పెద్ద ఆఫీసుల్లో ఆవిడ కట్టిన గుత్తులే ఉంటాయి.

ఆరేళ్ళలో వాళ్ళిద్దరూ ఎదురుపడి మాట్లాడుకున్నది ఒక్కసారే, మొదటి రోజు. ఆయన సాయంత్రం చల్లబడ్డాక కోసి, కింది ఆకులు దులిపి, కాడ చివర ఏటవాలుగా మళ్ళీ కోసి, రాత్రంతా గేటు పక్క షెడ్డులో నీళ్ళలో నిలబెడతాడు. ఆవిడ తెలతెలవారుతుండగా వస్తుంది. ఆ సమయానికి ఆయన తోట అటు చివర మోటారు దగ్గర ఉంటాడు. ఉండాలని ఎవరూ చెప్పలేదు. ఎదురుగా మనిషి నిలబడితే ఆయనకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, అంతే.

షెడ్డులో మేకుకి ఒక పలక వేలాడుతుంటుంది. దారంతో దానికో బలపం. ఆవిడ ఖాళీ బకెట్లు దించి, నిండువి ఎక్కించుకుని, వచ్చేసారికి ఏం కావాలో పలక మీద రాసి వెళుతుంది. ఏ పూలు ఎప్పటికి వస్తాయో ఆయన దాని కింద రాస్తాడు. మొదటి ఏడాది అంతే. రెండో ఏడు ఒక రోజు ఆవిడ, కావలసినవి రాశాక, అడుగున చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం రాసింది: "మీ ఊదా ఆస్టర్లు పదకొండు రోజులు నిలిచాయి. నేనే నిలబడలేకపోయాను, జలుబు."

ఆయన ఆ వాక్యం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. సాయంత్రానికి ఒక జవాబు తయారైంది: "ఆవిరి పట్టండి."

రెండు రోజుల తరవాత: "పట్టాను. ఇప్పుడు ముక్కు మీ ఎర్ర జీనియాలా ఉంది."

షెడ్డులో ఒక్కడే ఉండి ఆయన పైకి నవ్వాడు. ఆ నవ్వు తనదే కాదన్నట్టు చుట్టూ చూశాడు.

అక్కడి నుంచి పలక అడుగు భాగం వాళ్ళ మాటలకి స్థిరపడిపోయింది. ఆవిడ తన దుకాణంలో ఏ గుత్తి ఎలా కట్టిందీ, ఎవరేమన్నదీ రాసేది. కాడలన్నీ ఒకే వాలులో పేర్చుతూ చేతిలో తిప్పుకుంటూ పోతే గుత్తి తనంతట తనే నిలబడుతుందని రాసేది. "ఇవాళ కాస్మాస్ పెంకి పిల్లల్లా ఉన్నాయి, ఎటు పెట్టినా అటు కాకుండా ఇంకోవైపు చూస్తున్నాయి" అని రాసేది. ఆయన ఒక్క వాక్యం జవాబు కోసం పొద్దంతా మడుల్లో తిరిగేవాడు. పాదు చేస్తూ ఒక మాట కలిపేవాడు, నీళ్ళు మళ్ళిస్తూ ఒక మాట తీసేసేవాడు. సాయంత్రానికి అయిదారు మాటలు మిగిలేవి. లోకంలో ఆయన ఎవరితోనైనా మాట్లాడేది ఉందంటే ఆ పలక అడుగున ఉన్న రెండు గీతల మేరే. ఆ సంగతి ఆయనకి తెలుసు. అందుకే దాన్ని గాజుబొమ్మను చూసుకున్నట్టు చూసుకున్నాడు.

కిందటేడు వానాకాలంలో కళ్ళు పేచీ మొదలుపెట్టాయి. చూడాలనుకున్న చోటే పొగ మరక. పక్కల నుంచి గేటు కనిపిస్తుంది, చెట్టు కనిపిస్తుంది, నడిచే దారి కనిపిస్తుంది. నేరుగా చూసినది మాత్రం ఉండదు. కళ్ళ డాక్టరు వెలుగు వేసి చూసి, కంటి నడిమి భాగం అరిగిపోతోందనీ, పోయింది తిరిగి రాదనీ, అంచు చూపు మాత్రం మిగులుతుందనీ చెప్పాడు. "ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. "ఉన్నారు" అని చెప్పి బస్సెక్కాడు ఆయన. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తమ్ముడికి తెలిస్తే మర్నాడే చేతిలో కత్తెర లాగేసుకుంటాడు. పూలావిడకి తెలిస్తే? కళ్ళు లేనివాడి దగ్గర రంగులు ఎవరు తీసుకుంటారు? ఆవిడ వేరే తోట చూసుకుంటుంది. తోట పోతే పోనీ అనుకోగలడేమో గానీ, పలక పోతే అన్న మాట దగ్గర ఆయన ఆలోచన ఆగిపోయేది.

అందుకని పని చేతులకి అప్పగించాడు. జీనియా కాడని పువ్వుకి జానెడు కింద పట్టుకుని ఊపితే, మెడ బిగుసుకుని నిలబడితే కోతకి వచ్చినట్టు, మెడ వాలిస్తే ఇంకా పసిది. డాలియా మొగ్గలో కోస్తే మరి విచ్చుకోదు. బొటనవేలితో వెనక రేకులు తడిమితే తెలుస్తుంది, గట్టిగా ఉంటే సరే, మెత్తబడితే ముసలిదైనట్టు. ఇవి ముందు నుంచీ తెలిసినవే. ఇప్పుడు వేళ్ళు ఇంకా మెలకువగా ఉన్నాయి. తడిమితే తెలియనిది ఒక్క రంగు. దానికి డాలియా సాళ్ళ మొదట్లో ఒక్కో పుల్ల గుచ్చి, పుల్లకి పురికొస కట్టి ముడులు వేశాడు. ఒక ముడి తెలుపు, రెండు పసుపు, మూడు గులాబి, నాలుగు ఎరుపు. ఎరుపు నల్లగా ఆనుతుంది కాబట్టి పక్కచూపుకి దొరుకుతుంది. లేత రంగులు మాత్రం మసక వెలుతురులో అన్నీ బూడిదే.

ఇక మిగిలింది పలక. భూతద్దం పెట్టి, పలకని ఎండలోకి తెచ్చి, తల పక్కకి తిప్పి, కోడి గింజని చూసినట్టు ఒక్కో అక్షరాన్నీ చూస్తూ కొన్నాళ్ళు నెట్టుకొచ్చాడు. అదీ కుదరనప్పుడు ఒక అబద్ధం రాశాడు: "జల్లుకి చెరుగుతోంది. పెద్దక్షరాలు రాయండి."

ఆవిడ పెద్దక్షరాలు రాసింది. పలకకి నాలుగు మాటలు పట్టాయి. "జీనియా 40. ఆకు 20." అడుగున చోటు లేదు.

తన గొయ్యి తనే తవ్వుకున్నానని ఆయనకి మూడో వారానికి గానీ అర్థం కాలేదు. అర్థమయ్యాక, జల్లు కొట్టడం లేదు, మళ్ళీ చిన్నవి రాయండి అని చెప్పడానికి లేదు. తేలు కుట్టిన దొంగలా ఎండాకాలమంతా నోరు మూసుకుని గడిపాడు. ఆ నోరు మూసుకోవడం ఎవరికీ కొత్తగా కనిపించలేదు.

డాలియాలు కోతకి వచ్చిన మొదటి వారంలో ఆయనకి జ్వరం వచ్చింది. మూడు రోజులు మంచం దిగలేదు. మరదలు గంజి తెచ్చిపెట్టి, పనిలో పనిగా తోటలో కలుపు తీసింది. "మీ మడులు అద్దంలా చేశాను బావగారూ, మొహం చూసుకోవచ్చు" అంది. "మంచిది" అన్నాడాయన. అంతకంటే ఎక్కువ మెచ్చుకోలు ఆమె కూడా ఆశించలేదు.

ఆయన లేచిన రోజున పలక మీద పెద్దక్షరాలతో ఉంది: "తెల్ల డాలియా 60. తెలుపే. శుక్రవారం."

గురువారం సాయంత్రం పుల్లలు తడుముకుంటూ పోయాడు. ఒక ముడి ఉన్న సాలు దొరికింది. బొటనవేలితో వెనక రేకులు చూసి చూసి, అరవై ఏరి కోశాడు. ఒక్కటీ మొగ్గ లేదు, ఒక్కటీ ముసలిది లేదు. పూలతలలు నలగకుండా పలచటి కాగితం చుట్టి బకెట్లలో నిలబెట్టాడు. ఒళ్ళింకా తూలుతున్నా, పని బాగా కుదిరిందనిపించింది.

శుక్రవారం ఆవిడ చీకటి విడకముందే వచ్చి వెళ్ళిపోయింది. సోమవారం వచ్చి వెళ్ళాక ఆయన షెడ్డులోకి పోయి పలక తీసి ఎండలోకి తెచ్చాడు. తల పక్కకి తిప్పాడు.

పలక నిండా చిన్న అక్షరాలు. ఈ అంచు నుంచి ఆ అంచుకి. వెనక్కి తిప్పితే అటువైపు కూడా సగం దాకా.

ఆరు నెలల తరవాత ఆవిడ మళ్ళీ మాట్లాడింది. అదీ ఒకటి రెండు గీతలు కాదు. ఇన్నాళ్ళ బాకీ తీర్చినట్టు పలకంతా.

భూతద్దం పెట్టాడు. "ఇన్నేళ్ళలో" అన్న మాట దొరికింది. ఇంకా కిందికి పోతే "సభ" అని దొరికింది. మిగతాది చీమలబారు. మధ్యాహ్నం దాకా ప్రయత్నించి కళ్ళమ్మట నీళ్ళు కారితే మానేశాడు. మానేశాడన్న మాటే గానీ దిగులు లేదు. అరవై పూలూ బాగున్నాయన్నమాట. సభలో ఎవరో మెచ్చుకుని ఉంటారు. ఇన్నేళ్ళలో ఇలాంటివి చూడలేదని రాసి ఉంటుంది. చదివించుకుంటే బాగుండును. కానీ ఎవరి చేత? చదవమని ఇవ్వడమంటే, చదవలేనని చెప్పడమే. పైగా అది ఆయనకి రాసినది. ఇంకొకరి నోట్లోంచి వినడానికి మనసు ఒప్పలేదు. ఉత్తరం వచ్చినవాడు ఉత్తరాన్ని జేబులో పెట్టుకుని తిరిగినట్టు, ఆ రోజంతా పలకని వెంటపెట్టుకుని తిరిగాడు. మడి గట్టు మీద బోర్లా పెట్టడానికి భయం, ఎక్కడ చెరుగుతుందోనని.

దాన్ని ఇంట్లో బల్ల మీద పెట్టి, ఇంకో పాత పలక వెతికి తీసి మేకుకి తగిలించాడు. తన జవాబు చేతి అలవాటు మీద రాశాడు. జీవితంలో అంత పెద్ద జవాబు ఎప్పుడూ రాయలేదు:

"మీ మాటలు చూసి చాలా సంతోషం. ఈసారి కూడా అవే పెడుతున్నాను. నా తరఫున."

మంగళవారం సాయంత్రం అదే సాలు నుంచి మరో అరవై కోసి పెట్టాడు.

బుధవారం వ్యాను వచ్చింది. తలుపు చప్పుడయింది. తరవాత ఎప్పుడూ వినిపించే బకెట్ల చప్పుడు వినిపించలేదు. కాసేపు నిశ్శబ్దం, మళ్ళీ తలుపు, ఈసారి గట్టిగా. వ్యాను వెళ్ళిపోయింది. ఆయన మోటారు కట్టేసి వచ్చి చూస్తే బకెట్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పలక తడిమి, ఎండలో చూశాడు. తుడిచేసి ఉంది. ఏమీ రాయలేదు.

ఆ పూట అన్నం తినలేదు. సాయంత్రం దాకా ఆగి, బల్ల మీది పలక చంకలో పెట్టుకుని పక్క వాటా మెట్లెక్కాడు.

"ఏంటి బావగారూ, దారి తప్పారా?" అంది మరదలు. చాకుతో బీన్స్ తరుగుతోంది. "ఆయన ఇంకా రాలేదు."

"వాడితో కాదు."

"నాతోనా! ఉండండి, ముందు కూర్చోనివ్వండి నన్ను."

ఆయన పలక చాపాడు. "చదువు."

"అదేంటి? చిన్నప్పుడు మీ దస్తూరీ చూసి మేష్టారు మురిసిపోయేవాడని మీ తమ్ముడు ఇప్పటికీ డప్పు కొడతాడుగా. చదువు మర్చిపోయారా?"

"అద్దాలు... పగిలాయి."

ఆమె చెయ్యి తుడుచుకుని పలక అందుకుంది. నాటకం చదివినట్టు గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"'ఇన్నేళ్ళలో మీరు నాకిలా ఎప్పుడూ చెయ్యలేదు. తెల్లవి అడిగితే అరవైకి అరవై పసుపు పెట్టారు. నాకు నమ్మకం కాబట్టి దుకాణానికి వెళ్ళేదాకా కాగితం విప్పి చూడలేదు...'" ఆమె గొంతులో నాటకం తగ్గిపోయింది. ఆయన వైపు ఒకసారి చూసి, మెల్లిగా చదివింది. "'అది సంగీతం టీచరుగారి సంతాప సభ. తెలుపు తప్ప వేరే రంగు వద్దని ఆమె భర్త చేతులు పట్టుకుని చెప్పాడు. గంటన్నరలో పట్నమంతా తిరిగి, దొరికిన నాలుగు తెల్లపూలకీ ఆకు కలిపి ఏదో కట్టాను. ఆయన ఏమీ అనలేదు. అంటే బాగుండేది. కళ్ళు ఎక్కడ పెట్టుకుని కోశారు మీరు? చెయ్యడం ఇష్టం లేకపోతే చెప్పొచ్చు. ఈ మధ్య పలక మీద కూడా మీరు మనిషిలా మాట్లాడటం లేదు. నేనేమైనా తప్పు రాశానా? రాసుంటే అదైనా చెప్పండి.'"

బీన్స్ ముక్క ఒకటి దొర్లి కింద పడింది.

"దీనికి మీరేమన్నారు?" అంది మరదలు.

"రాశాను."

"ఏమని?"

"చాలా సంతోషం అని. మళ్ళీ అవే పెడుతున్నానని."

ఆమెకి ముందు నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరవాత ఆ కొంగు అలాగే ఉండిపోయింది.

"బావగారూ, ఇటు చూడండి. నా మొహంకేసి."

"చూస్తున్నా."

"మీరు చూస్తున్నది నా చెవిని."

ఆయన ఏమీ అనలేదు. ఇంకొక సమయంలో అయితే ఆ ఊరుకోవడం ఆయన అలవాటులో కొట్టుకుపోయేది. ఇప్పుడు పోలేదు.

"ఎన్నాళ్ళయింది?" అంది.

"నువ్వు కలుపు తీసినప్పుడు, డాలియా సాళ్ళలో పుల్లలు పీకావా?" అన్నాడాయన.

"పీకాను. పార ఆడాలంటే అడ్డం కదా. మళ్ళీ గుచ్చానుగా, సాలుకొకటి, వరసగా!"

"ఎక్కడివి అక్కడేనా?"

"పుల్లకి ఎక్కడిదేమిటి బావగారూ? ఏ పుల్లయితేనేం..." ఆగింది. "పురికొస ముడులు. అదేదో చిక్కు పడిందనుకున్నాను. నాలుగైదు విప్పబోయి గోళ్ళు నొప్పెట్టి వదిలేశాను కూడా." ఒక్కసారిగా ఆమెకి కోపం వచ్చింది. కళ్ళనిండా నీళ్ళతో వచ్చిన కోపం. "ఒక్క మాట! 'అమ్మాయ్, ఆ పుల్లలు ముట్టుకోకు' అని ఒక్క మాట చెప్తే నోటి ముత్యాలు రాలిపోతాయా? ఇంట్లో ఇంతమందిమి ఉండి, మీరు గుడ్డి లెక్కలు వేసుకుంటూ తోటలో తడుముకుంటుంటే మేం గడ్డి తింటున్నామా?"

"నీ తప్పేం లేదు."

"నాకు తెలుసు నా తప్పు లేదని! అదే కదా మంట!"

కాసేపటికి ముక్కు చీదుకుని, పూలావిడకి తనే ఉత్తరం రాస్తానంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నేను చెప్తాను."

"నోటితోనా?"

"ఆఁ."

"అయ్యో పాపం ఆవిడ" అంది మరదలు, ఏడుస్తూనే.

ఆవిడవి ఇంకా ఖాళీ బకెట్లు నాలుగు షెడ్డులో ఉండిపోయాయి. వాటి కోసమైనా రావాలి. శుక్రవారం తెల్లవారుతుండగా ఆయన మోటారు దగ్గరికి పోకుండా గేటు దగ్గర నిలబడ్డాడు. పసుపు డాలియాలు అప్పటికే తలలు వేలాడేసి ఎరువు గుంటలో పడ్డాయి. రెండు రోజులుగా కూర్చుకున్న వాక్యం ఒకటి నోట్లో ఉంది. వ్యాను ఆగి, చెప్పుల చప్పుడు దగ్గరికి వచ్చేసరికి అందులో సగం మాటలు జారిపోయాయి.

"మీరేనా?" అంది ఆవిడ. గొంతు కొంచెం బొంగురుగా ఉంది. ఇన్నేళ్ళూ పలక చదువుకునేటప్పుడు ఆయన చెవిలో వినిపించిన గొంతు ఇది కాదు. "బకెట్ల కోసం వచ్చాను. వెళ్ళిపోతాను."

"వెక్కిరించలేదు" అన్నాడాయన.

"ఏమిటి?"

"జవాబు. వెక్కిరించడానికి రాయలేదు. చదవలేదు మీరు రాసింది."

"చదవకుండానే సంతోషం అని రాశారా?"

"చదవలేక."

ఆవిడ నిలబడిన చోట ఆయనకి పొగ మరక, మరక చుట్టూ గేటు, గేటు అవతల తెల్లబడుతున్న ఆకాశం.

"ఎప్పటి నుంచి?"

"కిందటేడు వానల నుంచి."

"అంటే పెద్దక్షరాలు..."

"జల్లు కాదు."

"మరి ఎండాకాలమంతా వచ్చిన జీనియాలు? ఒక్కటి కూడా మెడ వాల్చలేదండీ!"

"ఊపితే తెలుస్తుంది." తరవాతి మాట కోసం చాలా దూరం పోయి రావలసి వచ్చింది. "ఇక రారా?"

ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. ఆ ఆలస్యంలోనే ఆయనకి జవాబు తెలిసిపోయినట్టయింది. కానీ తను తెలుసుకున్నది తప్పు.

"నాకు రంగులు కావాలి" అంది ఆవిడ నెమ్మదిగా. "రంగులు చూసి పేర్చుకోవడమే నా పని. మీరు కోసి పెట్టడం కుదరదు." ఆగి, "నేనే వచ్చి కోసుకుంటాను. ఏది కోతకి వచ్చిందో మీరు చెప్పండి, రంగు నేను చూసుకుంటాను. వారానికి రెండు పొద్దులు. సరేనా?"

"సరే."

అంతే. మూడు నిమిషాల్లో తెమిలిపోయింది. ఆవిడ బకెట్లు తీసుకోవడానికి షెడ్డులోకి వెళ్ళి, మేకు మీద పలకని చూసినట్టుంది.

"ఇక దీనితో పని లేదుగా. దుకాణం బయట పెట్టుకుంటాను, ఏ రోజు ఏ పూలో రాయడానికి. తీసుకోనా?" అంది, ఆయన బరువు దించుతున్నట్టు, దయగా.

"తీసుకోండి" అన్నాడాయన.

ఆ తరవాత ఆవిడ చెప్పిన మాట తప్పలేదు. వచ్చేది. ఆయన ముందు నడిచి, రేకులు తడిమి, కాడ ఊపి "ఇది", "ఇది", "ఇది వద్దు" అనేవాడు. ఆవిడ కోసుకునేది. పూలు మునుపటి కంటే మంచివే పోతున్నాయి. కానీ ఆవిడ ఆయనతో కొంచెం గట్టిగా, కొంచెం ఆగి ఆగి మాట్లాడేది. "ఎడమ పక్క బకెట్ ఉంది, చూసుకోండి." "గట్టు తడిగా ఉంది, జాగ్రత్తండీ." పలక మీద ముక్కుని జీనియాతో పోల్చిన మనిషి ఆవిడే అంటే నమ్మబుద్ధేసేది కాదు. ఆయన మాత్రం తక్కువా? మునుపటిలాగే పొద్దంతా మడుల్లో తిరుగుతూ ఒక వాక్యం కూర్చుకునేవాడు. ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడేసరికి అది నాలుక మీదే ఎండిపోయేది. ఆవిడ కూడా ఏదో అనబోయి ఆగిపోవడం ఆయనకి ఊపిరిలో తెలిసేది. ఇద్దరూ మర్యాదస్థులైపోయారు.

"ఏం మాట్లాడుకుంటారు బావగారూ, అంతసేపు?" అని మరదలు ఆరా తీసేది.

"పూలు."

"పూలు నేనూ చూస్తున్నాను. మాటల సంగతి అడుగుతున్నాను."

ఆయన చెంబు తీసుకుని లేచేవాడు.

చలి బిగిశాక చామంతులు వచ్చాయి. ఒక పొద్దున ఆవిడ, గ్రంథాలయం బల్లలకి పన్నెండు గుత్తులు పది గంటలకల్లా అందించాలనీ, దుకాణానికి పోయి కట్టే వ్యవధి లేదనీ, ఇక్కడే షెడ్డులో కట్టేస్తాననీ అంది. బల్ల మీద పాత గోనె పరిచారు. ఆయన ఒక పక్క నిలబడి కాడలు అందించే పని పెట్టుకున్నాడు. కింది ఆకులు దులపడం, పొడవును బట్టి వేరు చెయ్యడం, మెత్తటి కాడ తగిలితే పక్కన పడెయ్యడం. రంగుతో పని లేని పని.

మొదటి గుత్తికి ఆవిడ అడిగి తీసుకుంది. "పొడవువి అయిదు. ఆకు రెండు రెమ్మలు. ఇంకోటి." రెండో గుత్తికి "ఇంకోటి" మాత్రమే. మూడో గుత్తికి అడగడం మానేసి చెయ్యి చాపడం మొదలుపెట్టింది. చాపిన చేతిలో ఆయన కాడ పెట్టేవాడు. కాడ మీద కాడ ఒరుసుకునే చప్పుడు, చేతిలో గుత్తి తిరిగే చప్పుడు, పురికొస బిగించే చప్పుడు, కత్తెర. ఎండ ఇంకా గుమ్మం దాకా రాలేదు. నాలుగో గుత్తి దగ్గర ఆవిడ పనిలో పూర్తిగా మునిగిపోయింది.

అప్పుడు ఆయనకి ఇంకో గొంతు వినిపించింది.

చాలా సన్నగా, పెదవుల మధ్య నుంచి. "నువ్వు ఇటు రావే. ఆ, అలా. నీకెందుకమ్మా అంత తొందర, పక్కావిడని కూడా కనిపించనీ. ఈవిడ చూడు, పొద్దున్నే ఎవరితో పోట్లాడి వచ్చిందో, మూతి ముడుచుకుని... నువ్వు వంగకు. నేను వంగుతున్నది చాల్దా?"

బొంగురు లేదు. ఆగి ఆగి మాట్లాడటం లేదు. ఇన్నేళ్ళూ చదువుకునేటప్పుడు ఆయన చెవిలో ఉన్న గొంతు ఇదే. ఆవిడ ఆయనతో మాట్లాడటం లేదు. ఎవరితోనూ మాట్లాడటం లేదు. దుకాణంలో తెల్లారి నుంచి పొద్దుపోయేదాకా ఒక్కతే నిలబడి ఇలాగే పూలతో చెప్పుకుంటూ ఉండి ఉంటుంది. అందులో మిగిలిన ఒకటి రెండు ముక్కలు తెచ్చి పలక అడుగున పెట్టి పోయేది. ఆయన సంభాషణ అనుకున్నది అది.

అది తెలిసినా ఆయనకి ఏదో పోయినట్టు అనిపించలేదు. వచ్చినట్టూ అనిపించలేదు. చలికి చేతివేళ్ళు కొయ్యబారి ఉన్నాయి. ముందు బకెట్‌లో కాడలు అయిపోవస్తున్నాయి, అవతల గోడ దగ్గరున్న నిండు బకెట్ ఇటు జరపాలి. జరిపితే చప్పుడవుతుంది. చప్పుడైతే ఆవిడకి పక్కన మనిషి ఉన్నాడని గుర్తొస్తుంది. "జాగ్రత్తండీ" అంటుంది.

ఆయన చెప్పులు విడిచాడు. చల్లటి నేల మీద అడుగు తీసి అడుగు వేస్తూ గోడ దాకా వెళ్ళి, బకెట్‌ని జరపకుండా రెండు చేతులా ఎత్తి, నీళ్ళు తొణకకుండా పొట్టకి ఆనించుకుని వెనక్కి వచ్చి నిలబడ్డాడు. దింపలేదు. ఆవిడ చెయ్యి చాపింది. బకెట్‌ని ఒక చేత్తో పొదివి పట్టుకుని, రెండో చేత్తో ఒక కాడ పెట్టాడు.

"ఆ, వచ్చావా" అంది ఆవిడ, పువ్వుతో.